వింత పాటల సినిమాలు ఎందుకు చావవు

నల్లగొండలో సినిమా పిచ్చోళ్లకు కొదవ లేదు. ఏ పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఏ సినిమా ఏ సెంటర్‌లో ఎన్ని రోజులు ఆడింది అని అడిగితే తడుముకోకుండా చెప్పేవాళ్లు క్లాక్ టవర్ సెంటర్‌లో టీ కొట్టు దగ్గరే నలుగురు దొరుకుతారు. అదే మనిషికి ఒక హాలీవుడ్ మ్యూజికల్ పెట్టి చూపించండి. పావుగంట కాకముందే "అన్నా, వీళ్లు మాట్లాడాల్సింది కూడా పాడుతున్నరేంది?" అంటాడు. అందులోనూ మనుషుల రక్తం తాగే మొక్క పాడే సినిమా, వేరే గ్రహం నుంచి వచ్చిన సైంటిస్టు హైహీల్స్ వేసుకుని పాడే సినిమా అయితే ఇక చెప్పక్కర్లేదు.

అయినా ప్రపంచంలో ప్రాణం పెట్టే అభిమానులు ఉన్నది సరిగ్గా అలాంటి సినిమాలకే. విడుదలైన కొన్నాళ్లకే చాలా చోట్ల డబ్బాలు వెనక్కి వెళ్లిన సినిమా యాభై ఏళ్లుగా థియేటర్లలో ఆడుతూనే ఉంది. ఇదెలా సాధ్యం? పాటల సినిమాలకే ఇది ఎక్కువగా ఎందుకు జరుగుతుంది? నాకు ఎంతో ఇష్టమైన చిక్కుముడి ఇది. దీన్ని విప్పుకోవడానికి పాలమూరు, నల్లగొండ మనుషుల దగ్గర న్యూయార్క్ వాళ్లకన్నా ఎక్కువ సరంజామా ఉందని నా గట్టి నమ్మకం.

ముందుగా ఆ "పాడుతున్నరేంది" సంగతి తేల్చుకుందాం. మన సినిమాలో పాట మొదలైందంటే చాలాసార్లు కథ ఆగుతుంది. హీరో, హీరోయిన్ ప్రేమలో పడ్డారని మనకు అప్పటికే తెలుసు. పాట ఆ సంతోషాన్ని ఇంకో నాలుగు నిమిషాలు నిలబెడుతుంది. ఆ పాటను టీవీలో కోసేసినా కథ తెగదు. మ్యూజికల్‌లో అలా కుదరదు. పాట మొదట్లో భయపడుతూ ఉన్న మనిషి, చివరి చరణానికి వచ్చేసరికి ఇల్లు వదిలి వెళ్లాలని తేల్చుకుంటాడు. ఆ పాట చూడకపోతే తర్వాతి సీను అర్థం కాదు.

ఈ పద్ధతిని చివరిదాకా తీసుకెళ్లినవాడు ఫ్రెంచ్ దర్శకుడు జాక్ దెమీ. 1964లో వచ్చిన ఆయన సినిమా 'ది అంబ్రెల్లాస్ ఆఫ్ షేర్‌బూర్గ్'లో ఒక్క మాట కూడా మామూలుగా మాట్లాడరు. మిషెల్ లెగ్రాండ్ సంగీతం మీద అన్నీ పాడతారు, పెట్రోలు బేరంతో సహా. మొదట్లోనే ఒక గ్యారేజీ సీను ఉంది. డ్యూటీ దిగబోతున్న మెకానిక్కులు సాయంత్రం ఏం చేద్దామా అని మాట్లాడుకుంటారు. ఒకడు ఒపేరాకు పోతానంటాడు. ఇంకొకడు ఆ పాడుకోవడాలు నాకు పడవు, నాకు సినిమానే ఇష్టం అంటాడు. ఆ మాట కూడా పాడుతూనే అంటాడు! టీ కొట్టు దగ్గర మనవాడు వేసిన ప్రశ్నను దెమీ అరవై ఏళ్ల కిందటే తన పాత్ర నోట పాడించాడు. ఆ సినిమాకు కాన్ చలనచిత్రోత్సవంలో మొదటి బహుమతి వచ్చింది.

నిజానికి మనకు ఇది కొత్తా? రాయబారం సీన్లో కృష్ణుడు చేసే రాజకీయమంతా పద్యాల్లోనే కదా. "చెల్లియో చెల్లకో" పద్యం తీసేస్తే ఇక అక్కడ రాయబారమే లేదు. చిందు బాగోతంలో రాజు వచ్చి తానెవరో చెప్పుకోవడం పాటలోనే, కోపం పాటలోనే, ఏడుపు పాటలోనే. ఒగ్గు కథలో కథకుడు ఒక చోట చెబుతాడు, ఒక చోట పాడతాడు, ఎక్కడ మాట ఆగి ఎక్కడ పాట మొదలైందో వినేవాళ్లకు పట్టింపే ఉండదు. తొలి టాకీలు కూడా ఈ నాటకాల కడుపునే పుట్టాయి. 1932లో వచ్చిన హిందీ 'ఇంద్రసభ'లో దాదాపు 70 పాటలున్నాయి. తర్వాత్తర్వాత సినిమా తన దారి మార్చుకుని పాటను కథ పక్కన కూర్చోబెట్టింది. మన కళ్లు ఆ అలవాటుకు వచ్చాయి. చెవులు మాత్రం ఇంకా బాగోతం నాటివే.

ఇక వింత సంగతి. పాట నడుస్తున్నంతసేపు ప్రేక్షకుడు లాజిక్ అడగడు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడి ముందున్న లడ్డూలు వాటంతట అవే నోట్లోకి వస్తుంటే ఎవరికైనా అనుమానం వచ్చిందా? "వివాహ భోజనంబు" సాగుతున్నంతసేపు అదే న్యాయం అనిపిస్తుంది. మాటల సీన్లో చేస్తే గారడీలా కనిపించేది పాటలో సహజమైపోతుంది. వింత మ్యూజికల్స్ తీసేవాళ్లు పట్టుకున్న కిటుకు ఇదే. ప్రేమకథలో పాట పెట్టడం అందరూ చేసేదే. వాళ్లు దయ్యాల కథలో, గ్రహాంతరవాసుల కథలో, నరమాంసం తినే మొక్క కథలో పెట్టారు.

ఆ మొక్క సినిమా పేరు 'లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్'. 1960లో రోజర్ కార్మన్ చాలా తక్కువ డబ్బుతో తీసిన చిన్న సినిమాను హోవర్డ్ ఆష్‌మన్, అలెన్ మెంకెన్ రంగస్థల మ్యూజికల్‌గా మార్చారు. 1986లో ఫ్రాంక్ ఓజ్ దాన్ని మళ్లీ సినిమాగా తీశాడు. పూల కొట్లో పనిచేసే ఒక పేద కుర్రాడు పెంచే మొక్క రక్తం అడుగుతుంది, పాడుతూ అడుగుతుంది. ఆ మొక్క కంప్యూటర్ బొమ్మ కాదు. లోపల, కింద మనుషులు చేరి తీగలు లాగుతూ పెదాలు ఆడించిన తోలుబొమ్మ. అంత బరువున్న పెదాలు పాట వేగానికి కదలవు కాబట్టి కెమెరాను నెమ్మదిగా తిప్పి, తర్వాత మామూలు వేగంలో చూపించారు. దానితో ఒకే ఫ్రేములో ఉన్న హీరో రిక్ మొరానిస్ కూడా నెమ్మదిగా కదులుతూ, నెమ్మదిగా పెదాలు కలుపుతూ నటించాల్సి వచ్చింది. ఈ ముక్క తెలిశాక ఆ పాట చూస్తే అతని చేతుల మీంచి చూపు తిప్పుకోలేం.

ఈ సినిమా ముగింపు కథ ఇంకా పెద్దది. నాటకంలో మొక్క హీరో, హీరోయిన్ ఇద్దరినీ మింగేస్తుంది. సినిమాలోనూ అలాగే తీశారు, రాక్షస మొక్కలు న్యూయార్క్‌ను నాశనం చేసే భారీ సీన్లతో సహా. ముందస్తు షోలలో చూసిన జనం హీరో, హీరోయిన్ చావును ఒప్పుకోలేదు. సుఖాంతం చేసి విడుదల చేశారు. నాటకంలో ఒప్పుకున్న చావును సినిమాలో ఎందుకు ఒప్పుకోలేదు? ఓజ్ తర్వాత చెప్పిన కారణం నాకు చాలా నచ్చింది. నాటకంలో చచ్చిపోయిన నటులు చివర్లో స్టేజీ మీదికి వచ్చి దండం పెడతారు. జనం వాళ్లను బతికి ఉండగా చూసి ఇంటికి పోతారు. సినిమాలో చచ్చినవాడు చచ్చినట్టే. మన జాతర నాటకాల్లో యుద్ధంలో కూలిన వీరుడు "వన్స్ మోర్" అన్న కేక వినగానే లేచి, ఆఖరి పద్యం మళ్లీ పాడి, మళ్లీ పడిపోయిన ముచ్చట్లు మన పెద్దవాళ్లు ఎన్నో చెబుతారు. ఓజ్ సినిమాకు అభిమానులే ఆ వన్స్ మోర్ కొట్టారు. తీసేసిన ముగింపు కోసం ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. చివరికి 2012లో ఆ సీన్లు బాగుచేసి బ్లూ-రేలో విడుదల చేశారు.

ఇప్పుడు అసలు పెద్దన్న దగ్గరికి వద్దాం. 'ది రాకీ హారర్ పిక్చర్ షో'. రిచర్డ్ ఓబ్రయన్ రాసిన ఈ నాటకం 1973లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్ పైఅంతస్తులో, అరవై చిల్లర సీట్లున్న గదిలో మొదలైంది. జిమ్ షార్మన్ దర్శకత్వంలో 1975లో సినిమా అయింది. కొత్తగా పెళ్లి నిశ్చయమైన ఒక జంట, వానలో కారు టైరు పంచరై, ఒక కోటలో సాయం అడగడానికి వెళుతుంది. లోపల టిమ్ కర్రీ వేసిన డాక్టర్ ఫ్రాంక్-ఎన్-ఫర్టర్ ఉంటాడు. ఆడా మగా అన్న గీత అతనికి లెక్కే లేదు. సినిమా మొదలయ్యేదే విచిత్రంగా. నల్లటి తెర మీద ఎర్రటి పెదాలు మాత్రమే కనిపిస్తాయి, పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల పేర్లు తలుచుకుంటూ పాడతాయి. ఆ పెదాలు నటి పెట్రీషియా క్విన్‌వి, గొంతు ఓబ్రయన్‌ది. ఆడ పెదాల్లోంచి మగ గొంతు. సినిమా మొత్తం చెప్పబోయేది ఆ ఒక్క షాట్లోనే ఉంది.

విడుదలైనప్పుడు చాలా చోట్ల జనం రాలేదు. 1976 ఏప్రిల్ 1న న్యూయార్క్‌లోని వేవర్లీ థియేటర్‌లో అర్ధరాత్రి ఆటగా వేయడం మొదలుపెట్టాక కథ తిరిగింది. వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు. డైలాగులు కంఠతా వచ్చేశాయి. ఆ ఏడాదే ఒక రాత్రి, హీరోయిన్ వానలో తల మీద న్యూస్ పేపరు పెట్టుకుని నడుస్తుంటే, ప్రేక్షకుల్లోంచి ఒక స్కూల్ టీచరు తెర వైపు చూసి గొడుగు కొనుక్కోవచ్చు కదా అని తిడుతూ అరిచాడు. హాలు గొల్లుమంది. మరుసటి వారం ఇంకొకరు ఇంకో సీనుకు జవాబు చెప్పారు. క్రమంగా ప్రతి ఖాళీకీ ఒక జవాబు పుట్టింది. వాన సీనుకు జనం కూడా నెత్తి మీద పేపర్లు పెట్టుకోవడం, నీళ్ల తుపాకులతో వాన కురిపించడం మొదలైంది. పెళ్లి సీను రాగానే బియ్యం చల్లడం మొదలైంది. ఈ ఒక్కటి మాత్రం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, అక్షింతలు మన చేతుల్లోనే ఉన్నాయి. తర్వాత అభిమానులు అచ్చం ఆ వేషాలే వేసుకుని, తెర ముందు నిలబడి, తెర మీద నటులు చేసేదంతా అదే క్షణంలో చేసి చూపించే బృందాలు ఊరూరా పుట్టాయి.

ఇక్కడే నా వాదన ఉంది. కల్ట్ సినిమా అంటే జనం గుర్తించని ఆణిముత్యం అని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. ఆణిముత్యం లాంటి సినిమా తనకు తాను సంపూర్ణం, దాని ముందు మనం నోరు మూసుకుని కూర్చుంటాం. రాకీ హారర్‌లో ఎన్ని ఖాళీలో! నటులు ఒక మాట అని, అవసరానికి మించి ఆగుతారు. సీన్ల మధ్య అతుకులు కనిపిస్తాయి. రెండో సగంలో కథ చెయ్యి జారుతుంది. ఒంటరిగా ఇంట్లో చూస్తే ఆ ఖాళీలు విసుగు పుట్టిస్తాయి. రెండు వందల మంది మధ్య చూస్తే ప్రతి ఖాళీలోనూ ఒక మనిషికి చోటు దొరుకుతుంది. బుర్రకథలో కథకుడు ఒక్కడే ఉంటే కథ సాగదు, తందాన అనడానికి పక్కన వంతలు ఉండాలి. చిందు బాగోతంలో బుడ్డర్‌ఖాన్ వేషం వచ్చి ఊరివాళ్లతో ముచ్చట్లు పెట్టడానికే కథ కాసేపు పక్కకు తప్పుకుంటుంది. ప్రేక్షకుడికి పని ఉన్న కళలు ఇవి. సినిమా ఆ పనిని లాగేసుకుంది. అర్ధరాత్రి ఆటలకు వచ్చిన జనం దాన్ని తిరిగి తీసుకున్నారు.

పాట ఈ పనిని ఇంకా సులువు చేస్తుంది. రాకీ హారర్‌లో 'టైమ్ వార్ప్' అనే పాట ఉంది. ఎడమకు గెంతు, కుడికి అడుగెయ్యి, చేతులు నడుం మీద పెట్టు అని స్టెప్పులన్నీ పాటలోనే చెబుతారు. తెలియనివాడు కూడా రెండో చరణానికి లేచి ఆడగలడు. సినిమాయే ప్రేక్షకుడికి శిక్షణ ఇస్తోంది. మాటల సినిమా ఎంత గొప్పదైనా ఇలా చేయి పట్టుకుని లేపలేదు.

2005లో ఈ సినిమాను అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేర్చారు. మ్యూనిక్‌లోని మ్యూజియం లిష్ట్‌స్పీలే థియేటర్ 1977 నుంచి దీన్ని ఆడిస్తూనే ఉంది.

రాకీ హారర్‌ను జనం కలిసి బతికించారు. 'ఫాంటమ్ ఆఫ్ ది పారడైజ్' కథ వేరు. దాన్ని దాదాపుగా ఒక ఊరు బతికించింది. బ్రయన్ డి పామా 1974లో తీసిన సినిమా ఇది. ఒక అమాయక సంగీతకారుడి పాటలను రికార్డు కంపెనీ యజమాని దొంగిలిస్తాడు. ఆ కోపంలో ఫ్యాక్టరీలోకి దూరిన సంగీతకారుడి ముఖం రికార్డులు అచ్చువేసే మిషన్లో పడి చితికిపోతుంది. ముసుగు వేసుకుని థియేటర్లో దాక్కుంటాడు. పాటలు రాసిన పాల్ విలియమ్సే ఆ దొంగ యజమాని వేషం కూడా వేశాడు. అమెరికాలో సినిమా పోయింది. కెనడాలోని విన్నిపెగ్‌లో మాత్రం నెలల తరబడి ఆడింది. చూసినవాళ్లలో ఎక్కువమంది బడి పిల్లలు. పారిస్‌లోనూ ఆడింది. అక్కడ ఈ సినిమాను ఇరవై సార్లకు పైగా చూసిన ఇద్దరు కుర్రాళ్లు పెద్దయ్యాక ముసుగులు వేసుకుని సంగీతం చేశారు. ప్రపంచానికి వాళ్లు డాఫ్ట్ పంక్ అనే ఎలక్ట్రానిక్ సంగీత జంటగా తెలుసు. 2013లో వాళ్ల ఆల్బమ్‌లో పాల్ విలియమ్స్‌తో పాడించారు, ఆ ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. ఫ్లాప్ సినిమా అని ఒక వాక్యంలో కొట్టిపారేసేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే: టికెట్ల లెక్క తేలేది వారంలో, ఒక పాట ఏం చేసిందో తేలడానికి నలభై ఏళ్లు పట్టవచ్చు.

ఆ సినిమాలో అభిమానులు వెతుక్కుంటూ చూసే ముచ్చట ఒకటుంది. కథలో రికార్డు కంపెనీ పేరు మొదట స్వాన్ సాంగ్. సరిగ్గా అప్పుడే లెడ్ జెపెలిన్ అనే రాక్ బృందం వాళ్లు అదే పేరుతో నిజం కంపెనీ పెట్టడంతో, అప్పటికే షూటింగ్ అయిపోయిన సీన్లలో ఆ పేరు కనిపించిన ప్రతిచోటా వేరే బొమ్మతో కప్పాల్సి వచ్చింది. జాగ్రత్తగా చూస్తే కొన్ని చోట్ల ఆ అతుకులు కదులుతూ కనిపిస్తాయి. మామూలు ప్రేక్షకుడికి అది లోపం. అభిమానికి అది తనకు మాత్రమే తెలిసిన గుర్తు.

పాట సినిమాను దాటి బతుకుతుంది అనడానికి పాలమూరు వాళ్లకు విన్నిపెగ్ దాకా పోవాల్సిన పని లేదు. ఉన్నోళ్లను దోచి పేదలకు పంచిన పండుగ సాయన్న కథ ఊళ్లల్లో నిలిచింది కిన్నెర మీద పాడినందుకే. దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర 2021లో సినిమా పాటలోకి వచ్చింది, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అన్ని తరాలూ ఆ కథను మోసింది పాటే.

మన థియేటర్లలో ఈమధ్య జరిగింది కూడా చూడండి. 2010లో వచ్చిన 'ఆరెంజ్' ఫ్లాపు. హారిస్ జయరాజ్ పాటలు మాత్రం ఫోన్లలో, బస్సుల్లో, కాలేజీ ఫంక్షన్లలో బతికే ఉన్నాయి. 2023లో మళ్లీ విడుదల చేస్తే హాళ్లు నిండిపోయి ప్రతి పాటా జనమే పాడారు. అదే ఏడాది 'సూర్య సన్నాఫ్ కృష్ణన్' మళ్లీ వచ్చినప్పుడు కుర్రాళ్లు తెర కిందికి పోయి ఆడారు. ఇవి వింత మ్యూజికల్స్ కావు, ఒప్పుకుంటాను. కానీ జరిగిన పని అదే. పాట ముందు నడిచింది, సినిమా దాని వెనక తిరిగి వచ్చింది. తేడా ఒక్కటే: మనవాళ్లు తెరతో కలిసి పాడారు, వేవర్లీలో వాళ్లు తెరకు ఎదురు మాట్లాడారు. మనవాళ్లు అది కూడా మొదలుపెడితే చూడాలని నాకు చాలా కోరిక. నోటి దురుసులో నల్లగొండ ఎవరికీ తీసిపోదు.

ఒక విషయంలో మాత్రం నాకు అభిమానులతోనే పేచీ ఉంది. కొందరు ఇలాంటి సినిమాలను వెక్కిరించడానికే చూస్తారు. 1980లో వచ్చిన 'జనడు' అందుకు ఉదాహరణ. ఒలీవియా న్యూటన్-జాన్, జీన్ కెల్లీ నటించారు. సినిమాను చీల్చి చెండాడారు, చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డులు పుట్టడానికి కారణమైన సినిమాల్లో ఇదొకటి. పాటలేమో పెద్ద హిట్లు. 2007లో అదే కథ న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేలో నాటకమై తిరిగి వచ్చింది. వెక్కిరింపు ఒక ఆటకు సరిపోతుంది. రెండోసారి టికెట్ కొనాలంటే లోపల ఎక్కడో ప్రేమ ఉండాలి. ఇరవై ఏడేళ్ల తర్వాత కూడా ఆ పాటలను పట్టుకుని ఉన్నవాళ్లది వెటకారం కాదు.

అలాగే కల్ట్‌ను తయారు చేయాలని చూస్తే కాదు. రాకీ హారర్ తీసినవాళ్లే 1981లో 'షాక్ ట్రీట్‌మెంట్' తీసి నేరుగా అర్ధరాత్రి ఆటలకే పంపారు. జనం పట్టించుకోలేదు. ఖాళీలు వాళ్లంతట వాళ్లు కనుక్కోవాలి, చూపించి ఇక్కడ అరవండి అంటే ఎవరూ అరవరు.

ఎవరు వీళ్లంతా అన్న ప్రశ్న మిగిలింది. మొదట్నుంచీ రాకీ హారర్ ఆటలకు వచ్చినవాళ్లలో ఇంట్లో, బడిలో తమలా తాము ఉండలేనివాళ్లు ఎక్కువ. మగపిల్లాడు చీకట్లో లిప్‌స్టిక్ వేసుకుని కూర్చుంటే నవ్వే మనిషి ఆ హాల్లో లేడు. వీధి బాగోతాల్లో మగవాళ్లు ఆడవేషం కట్టి ఏడిపించడం, ఊరంతా వాళ్లతో పాటు ఏడవడం మన తాతల నాటి నుంచి ఉన్నదే. వేషం కట్టినంతసేపు ఊరు మర్యాద ఇస్తుంది. తెల్లారాక అదే మనిషికి ఆ మర్యాద ఉందా అన్నది మనం నిజాయితీగా వేసుకోవాల్సిన ప్రశ్న. అర్ధరాత్రి ఆటలు ఆ వేషాన్ని వారం వారం కట్టుకునే చోటు ఇచ్చాయి, ఆ చోటు కోసమే చాలామంది ఆ సినిమాను వదల్లేదు.

చూడాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి? మన చెవికి దగ్గరగా ఉన్నది హిందీలో 2017 నాటి 'జగ్గా జాసూస్'. హీరోకు నత్తి, మాట తడబడుతుంది కానీ పాడితే తడబడదు, అందుకే పాడుతూ మాట్లాడతాడు. పాట ఎందుకు అన్న ప్రశ్నకు కథలోనే జవాబు దొరుకుతుంది. టికెట్ల దగ్గర దెబ్బతిన్నా ప్రీతమ్ సంగీతానికి ఫిలింఫేర్ వచ్చింది. తర్వాత 'లిటిల్ షాప్', కుదిరితే రెండు ముగింపులూ. తర్వాత 'ఫాంటమ్', మంచి స్పీకర్లు ఉన్నవాళ్ల ఇంట్లో. 'షేర్‌బూర్గ్'కు సబ్‌టైటిల్స్ తప్పవు, కానీ రెండో రోజుకు మీరు కూడా అన్నం వడ్డించమని పాడి అడుగుతారు. రాకీ హారర్‌ను ఆఖరికి పెట్టుకోండి, ఫోన్లో ఒంటరిగా చూసి తీర్పు చెప్పకండి. కనీసం పదిమందిని పోగేయండి. వాళ్లలో ఇద్దరు ముందే చూసినవాళ్లై, నోరున్నవాళ్లై ఉండేలా చూసుకోండి. బియ్యం గుప్పెడు చాలు, నీళ్ల తుపాకీ మాత్రం టీవీ వైపు తిప్పనివ్వకండి.